మూడింట రెండు చేతులు

ఉదయగిరి బజారులో పప్పులు తూచే ఉషారాణి పక్కన అమెరికా రాజ్యాంగం పాఠం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గిరాకీ తగ్గగానే చెవి వెనక పెన్సిలు తీసి, పెదాలు కదుపుతూ గీతలు గీసుకుంటుంది. ఓపెన్ డిగ్రీ పరీక్ష సంతరోజే పడింది. "అంగడి ఎవురు చూస్తారు? పోబాకు," అన్నాడు రాత్రి ఇంట్లో భర్త బాలాజీ. ఆమె కోపం తెచ్చుకోలేదు. "అత్తా, అమెరికాలో అధ్యక్షుడు ఒక చట్టం వద్దన్నా, రెండు సభల్లో మూడింట రెండొంతులమంది చేతులెత్తితే అది జరిగిపోతాది. మన సభలో మీరు, మామ, నేను," అని తన చెయ్యి ఎత్తింది. మామ పేపరు చాటుకు తప్పుకున్నాడు. చింతపండు పిసుకుతున్న అత్త చెయ్యి పులుసు కారుతూనే పైకి లేచింది. "నాది రాసుకో. వాడికి తూకం రాదా ఏంది?"

సంతనాడు ఇంటి అధ్యక్షుడు భార్య పెన్సిలు చెవి వెనక పెట్టుకొని కందిపప్పు తూచాడు.