మేడం ఆడిన అబద్ధం

నోటుపుస్తకంలోంచి కాగితం చింపే చప్పుడు వింటే నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. మొన్న మడికొండ దగ్గర నేను పాఠం చెప్పే కాలేజీలో నలభై మంది ఒక్కసారే చింపారు. చింపమన్నది నేనే అయినా వేడి తగ్గలేదు. ఇరవై ఏళ్ల కిందటి నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను: మనుషులంతా చెడ్డవాళ్లని నిరూపించబోయి, రుజువుగా నేనొక్కడినే మిగిలాను.

అప్పుడు వరంగల్‌లో డిగ్రీ చదివేవాడిని. ఇంగ్లీషు చెప్పే ఎస్తేరు మేడం మట్టెవాడలో ఉండేవారు. హాజరు పట్టీలో సైతం ఎవరికోసమూ అబద్ధం రాయని మనిషి. మా పుస్తకంలో ఒక పాత కథ ఉండేది. అందులో ఊళ్లోని మర్యాదస్తులంతా ఒక్కటై తమలోనే ఒక అమాయకురాలిని చంపేస్తారు. చెడు మనిషికి పుట్టుకతోనే వస్తుందని దాని మీద నాలుగు పేజీల వ్యాసం రాశాను. గైడు పట్టుకుని నడిచాను కాబట్టి దారి తప్పే ప్రశ్నే లేదు. మనిషి లోపలి సంగతికి బయటి సాక్ష్యం ఎవరడుగుతారని ధైర్యం.

మేడం అడిగారు. నా చేత వ్యాసం చదివించి, క్లాసులోని నలభై మందినీ ఒక్కో చిట్టీ చింపమన్నారు. ఈసారి ఇంటర్నల్ పరీక్ష లేదు, అందరికీ పూర్తి మార్కులు, ఒక్కరికి మాత్రం సున్నా. ఆ ఒక్కరు ఎవరో మమ్మల్నే తేల్చి, పేరు రాసి తన టిఫిన్ డబ్బాలో వేయమన్నారు. వర్ధన్నపేట నుంచి నాతో ఒకే బస్సులో వచ్చే సారయ్య ప్రతి పరీక్షలోనూ నన్ను రెండు మార్కులతో దాటిపోయేవాడు. ఆ పొద్దున బస్సులో జేబులోని దస్తీ వేసి నాకు సీటు ఆపింది కూడా వాడే. వాడి పేరు రాశాను.

మేడం ఒక్కొక్కటే విప్పి చదివారు. చాలావరకు ఖాళీ. కొందరు తమ పేరే రాసుకున్నారు. ఒక గడుసుపిల్ల మేడం పేరు రాసింది. చివర్లో నా చిట్టీ. దాన్ని చదివి ఆవిడ అందరినీ చూశారు, నన్ను తప్ప. చేతిరాత గుర్తుపట్టారని అప్పుడే అర్థమైంది.

"ఇది గూడ ఖాళీనే," అని చింపేశారు.

క్లాసయ్యాక వరండాలో తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"వ్యాసం మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నారు. "గని నలభై మందిల ఒక్కడు చేసిన పనిని పుట్టుక గుణం అంటరా? ఆ ఒక్కడు గూడ గిప్పుడు ఏడుస్తాండు. గా కథల ఊరోళ్లు మనకంటె చెడ్డోళ్లేం కాదు. అడ్డం పడెటోడు ఒక్కడు లేకపోయిండు, గంతే."

చెడు లోపల లేదని ఆవిడ అనలేదు. అడ్డం పడే పని ఒకటుందని చెప్పారు. నేను ఏటా నా క్లాసులో ఈ చిట్టీల పాఠం చెబుతున్నది అందుకే. మొన్న ఒక చిట్టీలో పేరుంది. ఖాళీ అన్నాను. మూడో బెంచీలో ఒకమ్మాయి తల దించుకుంది.

పోయిన నెల మేడంకు పాత విద్యార్థులం సన్మానం చేశాం. జన్మలో అబద్ధమాడని మనిషని వచ్చినవాళ్లంతా పొగిడారు. నన్ను కాపాడినందుకు కక్ష తీర్చుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఆడారు, నాకోసం ఆడారు అని మైకులో మొత్తం చెప్పేశాను, చిట్టీలోని పేరుతో సహా. ఇరవై ఏళ్లు దాచిన రహస్యం ఒక్క నిమిషంలో పోయేసరికి మేడం కొంగుతో ముఖం కప్పుకున్నారు.

ముందు వరుసలోంచి సారయ్య అన్నాడు, "నాకు గా దినమే ఎరుకరా. బస్సుల ఇంటిదాక ఒక్క మాట మాట్లాడకపోతివి."

అని, పక్క కుర్చీ మీద వేసి ఉంచిన దస్తీ తీశాడు.