ఖమర్ బీ చెంబెడు నీళ్లు

జనగామలో ఒక పుకారుంది: ఖమర్ బీ చెంబు నీళ్లు పడ్డ కొత్త ఇల్లు నెల తిరక్కుండా చెమ్మెక్కుతుందని. ఒట్టి అబద్ధం. చెమ్మెక్కబోయే ఇంటిని ఆమె నెల ముందే కనిపెడుతుంది, అంతే.

ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టే పనుల్లో సిమెంటు మోసిన మనిషి. కొత్త గచ్చు కనిపిస్తే చాలు, చెంబెడు నీళ్లు కుమ్మరించి, గొంతుక్కూర్చుని అవి ఎటు పోతాయో చూస్తుంది. కొత్త ఫంక్షన్ హాల్లో పెళ్లి జరిగితే అందరూ పెళ్లికూతుర్ని చూశారు, ఈమె నీళ్లను చూసింది. ముందు వరసవాళ్లు కాళ్లు పైకెత్తుకుని అక్షింతలు వేశారు. కొత్త దవాఖానలో నర్సు మాత్ర వేసుకోమంటే మాత్ర నోట్లోకి, నీళ్లు నేల మీదకి!

గంగికి ఇవన్నీ తెలుసు. అందుకే ఊరి చివర కొత్త ఇల్లు కొంటున్న సంగతి ఎదురింటి ఖమర్ బీకి చెప్పలేదు. కురవి దగ్గర తండాలో ఉన్న అత్త తారిని తెచ్చుకోవాలని గంగి ఆశ. తుంటి విరిగి అతికిన ముసలమ్మ. ఇంకోసారి జారిపడితే లేవదన్నాడు డాక్టరు. తెల్లారితే రిజిస్ట్రేషన్. ఆఖరిసారి చూసొద్దామని ఆటో ఎక్కబోతే లోపల ఖమర్ బీ కూర్చుని ఉంది, ఒళ్లో చెంబుతో.

“నీకెవరు చెప్పిన్రు అవ్వా?”

“నాకు చెప్పొద్దని వాడకట్టంత చెప్తివి గద!”

ఇల్లు కట్టి అమ్మే మహేశ్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “మా ఇంజనీర్ అంత చూసిండు అవ్వా.”

“మీ ఇంజనీర్ నీకోసం చూసిండు నాయినా. గంగి కోసం ఎవరు చూసిన్రు?”

బాత్రూంలో చెంబు ఒలికింది. నీళ్లు బయటికి పోవాల్సిన జాలీ వైపు కన్నెత్తయినా చూడలేదు. తాపీగా గడప దాటి, తారికి మంచం వేద్దామనుకున్న గదిలోకి వచ్చి నిలిచాయి.

“నీళ్ల వాటం ఉల్టా ఉన్నది” అంది ఖమర్ బీ.

ఆ తడిలో అత్త పాదం గంగి కళ్ల ముందు మెదిలింది. “గిది సరిజేసేదాక నేను సంతకం పెట్ట.”

మహేశ్ మూలనున్న మేస్త్రీ మీద విరుచుకుపడ్డాడు. “శివాజీ! గిదేం పనిరా? రేపటి సంది రాకు!”

“ఆయన్నెందుకు తిడుతున్నవ్?” ఖమర్ బీ ఖాళీ చెంబు పైకెత్తింది. “ఊరంత అంటున్నది గద, గిది నా చెంబు దోషం. దోషం తగిలిన బండలు తీసి మళ్ల పరుస్తే అయిపాయె. శివాజీనే పరుస్తడు. నేను పక్కన కూసుంట.”

మహేశ్‌కు కోపంలోనూ నవ్వొచ్చింది. రిజిస్ట్రేషన్ వారం వాయిదా పడింది. ఆ వారమంతా ఖమర్ బీ శివాజీ పక్కనే కూర్చుని ప్రతి బండకూ వంక పెట్టింది, మధ్యాహ్నం తన సద్దిలో సగం అతనికి పెట్టింది. ఎనిమిదో రోజు పోసిన నీళ్లు బుద్ధిగా జాలీలోకి పోయాయి.

తిరిగొస్తూ గంగి ఉండబట్టలేక అడిగేసింది. “అవ్వా, తప్పు మేస్త్రీది. బద్నాం నువ్వెందుకైతున్నవ్?”

“గాయన రోజూ పొద్దుగాల కూలీల అడ్డ మీద నిలబడాలె బిడ్డా. పని చెడగొడతడని తెలిస్తే ఎవరు పిలుస్తరు? నన్నంటవా, ఎవరూ పిలవకున్నా నేనే పోత!”