ఒకే ఫోన్లో రెండు డెయిరీలు

రోహిణి పుట్టి పెరిగింది బోరబండలోనే. పాలిటెక్నిక్ అయ్యాక మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో యాప్‌లు పరీక్షించే పనిలో చేరి, పక్కవాళ్ల కోడ్ చదివి చదివి తానే రాయడం నేర్చుకుంది. ఎవరైనా "ఇది కాదు" అంటే, ఎందుకు కాదో తన కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోదు.

ఆ కంపెనీ ఒక డెయిరీ పాలు ఇంటింటికీ వేసేవాళ్ల కోసం యాప్ తయారుచేసింది. ఏ ఇంటికి ఎన్ని ప్యాకెట్లో అందులో కనిపిస్తుంది. అది బాగా నడవడంతో ఇంకో డెయిరీ కూడా అలాంటిదే కావాలంది. పాత యాప్‌కే రంగులు మార్చి, ఫోన్ దాన్ని గుర్తుపట్టే ప్యాకేజీ పేరు కూడా మార్చే పని రోహిణికి అప్పగించారు. మార్చింది. ఆఫీసు ఫోన్లన్నింట్లో చక్కగా ఎక్కింది. తీరా పాలు వేసేవాళ్లకి లింకు పంపాక, కొందరికి "ఇన్‌స్టాల్ కాలేదు" అని వచ్చి ఆగిపోతోంది.

"చవక ఫోన్లు అయ్యుంటాయండి. వేరే ఫోన్లో వేసుకోమని చెప్పేద్దాం," అన్నాడు టీమ్ లీడ్ ఆదర్శ్.

"కారణం తెల్వకుండ ఏం చెప్తం సార్? అండ్ల ఒకాయనది మా బోరబండనే. పొద్దున పోయి చూసొస్త."

మర్నాడు తెల్లవారగానే స్టేషన్ దగ్గరి పాల బూత్‌కి వెళ్లింది. పోచయ్య స్కూటర్‌కి క్రేట్లు కడుతున్నాడు.

"కాకా, ఫోన్ జర ఇస్తవా? కొత్త యాప్ ఎందుకు ఎక్కుతలేదో చూస్త."

పోచయ్య ఇచ్చాడు గానీ ఒక మాట గట్టిగా చెప్పాడు. "పాతది తీసెయ్యకు బిడ్డా. రెండు డెయిరీల పాలు నేనే ఏస్త. అది పోతే ఆ ఇండ్లెట్ల యాదుంటయి?"

రోహిణికి అక్కడే సగం అర్థమైంది. ఆఫీసులో ఏ ఫోన్లోనూ రెండు యాప్‌లు కలిసి లేవు. కొత్తది వేసే ముందు పాతది తీసేయడం వాళ్ల అలవాటు.

బూత్ అరుగు మీద కూర్చుని ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపింది. ఈసారి అసలు కారణం తెర మీదకి వచ్చింది. యాప్‌లో ఫోటోలు పంపే చిన్న భాగం ఒకటుంది. ప్యాకేజీ పేరు మారినా దానికి పాత పేరే మిగిలిపోయింది.

"ఏమైందమ్మా?"

"రెండు ఇండ్లకు ఒకటే డోర్ నంబర్ ఏసినం కాకా. ఫోన్ ఒప్పుకుంటలేదు. తప్పు మాదే. ఇగ ఫికర్ చెయ్యకు."

ఏ డెయిరీకి ఇచ్చినా ఆ భాగం పేరు ప్యాకేజీ పేరును బట్టి దానంతటదే మారేలా రాసింది. మళ్లీ తయారుచేసి ఎక్కించింది. పోచయ్య ఒక యాప్ తెరిచి, మూసి, రెండోది తెరిచాడు. రెండింట్లోనూ ఇళ్లు సరిగ్గా ఉన్నాయి. పాలు విరిగిపోతాయంటూ బండెక్కాడు.

ఆఫీసులో సంగతి విని ఆదర్శ్ కోడ్ తెరిచి చూశాడు. "ఆ పేరు మొదట రాసింది నేనేనండి," అన్నాడు.

"మార్చేటప్పుడు నేను చూడలే సార్. ఇగ నుంచి ఒక ఫోన్లో మనం చేసిన యాప్‌లన్నీ ఉంచుదాం. దాంట్ల ఎక్కినంకనే లింకు పంపుదాం."

అతను సొరుగులోంచి ఒక ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. మధ్యాహ్నానికి కొత్త లింకు అందరికీ వెళ్లింది. సాయంత్రం దాకా ఒక్క ఫిర్యాదూ రాలేదు. రోహిణి టీ తెచ్చుకుని, మూడో డెయిరీ పని మొదలుపెట్టింది.