సత్తయ్యకు ఇవ్వని కవరు

నిన్న మా మిల్లు ఆఫీసులో సూపర్‌వైజర్ ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులు విప్పుతుంటే ఒక కవరు నుంచి మైదా బంక వాసన వచ్చింది. ఇంకా ఇలా ఇంట్లో ఉడికించి అంటించేవాళ్లున్నారా అనుకున్నాను. ఆ వెంటనే రాజేశం కాక గుర్తొచ్చాడు. కాక పోయి నాలుగేళ్లయింది. ఆయన తలపుకొస్తే నాకు ఏడుపు కంటే ముందు సిగ్గే వస్తుంది.

కాక అంటే సొంత చిన్నాన్నేం కాదు. మా ఊళ్లో మరమగ్గాలను సాంచాలంటారు. మొరాయించిన సాంచాను దారికి తెచ్చే మనిషి ఆయన. ఇంటర్ అయ్యాక ఆయన చేతి కింద చేరాను. ఎనిమిదేళ్లలో చప్పుడు విని లోపం పట్టుకోవడం నేర్పాడు. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు. పానా నా చేతిలోంచి తీసుకుని తాను బిగించి చూపించి, మళ్లీ మొత్తం విప్పేసి, ఇప్పుడు నువ్వు బిగించు అనేవాడు. చచ్చే విసుగొచ్చేది.

ఒకరోజు పేపర్ ముక్క పట్టుకొచ్చాడు. కరీంనగర్ దగ్గర బట్టల మిల్లులో సూపర్‌వైజర్ కావాలట. డిప్లొమా ఉండాలి, మూడేళ్ల అనుభవం ఉండాలి, కంప్యూటర్ రావాలి. నాకున్నది నడిమిది ఒక్కటే. నా మొహానికి ఎవరిస్తారన్నాను. సాంచాల మీద పడి అవ్వనూ బాపునూ సాకుతున్న నాకు అదొక్కటే బయటపడే దారి. అది నాకంటే కాకకే ఎక్కువ తెలుసు.

"వెయ్యి పోగుల్ల రెండు తెగితే బట్ట పారేస్తమార? అతుకుతం," అన్నాడు. "ఉన్నది ముందుగాల రాయి. లేనిది లేదని రాయి. దాయకు."

పక్కన కూర్చుని రాయించాడు. కాక భార్య మైదా ఉడికించి ఇస్తే కవరు తానే అంటించాడు.

పోస్టాఫీసు ముందు ఇద్దరు పిల్లగాళ్లు అదే ఉద్యోగానికి లావుపాటి ఫైళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఒకడు తన సర్టిఫికెట్లు లెక్క చెబుతున్నాడు. నా కాగితం మీద రెండుసార్లు "లేదు" అని ఉంది. లోపలికి పోలేదు. వెనక్కొచ్చి కవరును షెడ్డులో తుక్కు నూలు సంచిలో కూరేశాను. కాక అడిగితే, పోస్టుమన్ సత్తయ్య ఎదురైతే ఆయన చేతికే ఇచ్చానన్నాను. మా దగ్గర అందరూ అలాగే ఇచ్చేవాళ్లు కాబట్టి కాకకు అది అబద్ధంలా అనిపించలేదు. సత్తయ్య, కాక చిన్ననాటి దోస్తులు. రోజూ సాయంత్రం ఒక చాయ్‌ను ఇద్దరూ పంచుకునేవాళ్లు.

నెల దాటినా జవాబు లేకపోయేసరికి కాక నాకు చెప్పకుండా ఒకరోజు పని మానుకుని మిల్లుకు పోయాడు. అసలు దరఖాస్తే రాలేదన్నారట. బస్సు దిగి నేరుగా చాయ్ హోటల్‌కు వచ్చి సత్తయ్యను నిలదీశాడు. నేను అక్కడే ఉన్నాను.

"నాకియ్యలే రాజేశం. ఇస్తే నేనెందుకు పోగొడ్త?" అన్నాడు సత్తయ్య.

కాక నా వైపు తిరిగాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ఇచ్చిన కాకా, అన్నాను.

"మా పోరడు అబద్ధమాడడు," అని కాక చాయ్ వదిలేసి లేచాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. హోటల్లో సత్తయ్య ఒక్కడే కూర్చోవడం రోజూ చూసేవాణ్ని. చూసి తలొంచుకుని పోయేవాణ్ని, సిగ్గులేని వాణ్ని.

మరుసటి ఏడు మిల్లువాళ్లు అవే షరతులతో మళ్లీ ప్రకటన వేశారు. ఈసారి కాక దరఖాస్తు తానే తీసుకుపోయి ఇచ్చొచ్చాడు. ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. తెచ్చింది సత్తయ్యే.

"చూస్కో కొడుకా, నీ చేతికే ఇస్తున్న. రేపు ఇయ్యలే అనకు," అన్నాడు. కోపంగా కాదు, మెల్లగానే అన్నాడు.

ఆ సాయంత్రం కాకకు అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. చేతుల నూనె తుడుచుకుని, అంగీ తొడుక్కుని, సత్తయ్య ఇంటికి నడిచాడు. నేను వెనక.

"సత్తన్నా, తప్పు నాది. నీ మాట నమ్మకపోతి," అన్నాడు వాకిట్లో నిలబడి. నా పేరే ఎత్తలేదు. సత్తయ్య కాక భుజం మీదుగా నన్ను చూశాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను. లోపలికి రమ్మని కాకనే పిలిచాడు.

తిరిగొచ్చేటప్పుడు కాక, ఇంటర్వ్యూలో ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పమని మాత్రం అన్నాడు. చెప్పాను. డిప్లొమా లేదన్నాను, కంప్యూటర్ నేర్చుకుంటానన్నాను. ఆగిపోయిన సాంచా చూపిస్తే నడిపించాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేను ఎవరి దరఖాస్తూ ఒక కాగితం తక్కువైందని పక్కన పెట్టను. నాది పెద్ద మనసని ఇక్కడివాళ్లంటారు. ఏం పెద్ద మనసు, నా బొంద.

కాక దినాలకు సత్తయ్య వచ్చాడు. విస్తరి ముందు కూర్చుంటే నేనే వడ్డించాను. తప్పు నాదేనన్న మాట నోటిదాకా వచ్చింది, కానీ కొంచెం కూర వెయ్యనా అని అడిగాను. ఇప్పుడు లక్సెట్టిపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడట. ఇక్కడి నుంచి బస్సులో రెండు గంటల దారి. నేనింకా పోలేదు.