టీచరమ్మ పత్యం

అరకు పైన కొండవాలులో ఉన్న ఓ చిన్న ఊరికి స్వర్ణ అంగన్‌వాడీ టీచర్. తొమ్మిదేళ్ళుగా బాలింత కనిపిస్తే చాలు, వదిలేది కాదు. "ఆకుకూర తిన్నావా? గుడ్డు తిన్నావా? నీళ్ళెన్ని తాగావు?" ఆమె గొంతు వినగానే కాఫీ చెట్ల వెనక నక్కినవాళ్ళున్నారు. పొరుగింటి చిట్టెమ్మయితే ఒకసారి దడి దూకి పారిపోయింది.

పెళ్ళయిన పదేళ్ళకి స్వర్ణకే ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే అత్త కనక పొయ్యి దగ్గర పీట వేసుకుంది. పొద్దున మిరియాల చారన్నం, సాయంత్రం అదే అన్నం, అదే చారు. గుమ్మడికాయ తింటే జలుబు, గుడ్డు తింటే పిల్ల చెవుల్లో చీము, పప్పు తింటే పిల్లకి కడుపునొప్పి. నీళ్ళు రోజుకి రెండు చిన్న గ్లాసులు.

ఊరందరికీ చెప్పిన స్వర్ణ అత్తకి ఒక్క మాట చెప్పలేకపోయింది. నొప్పులప్పుడు చెయ్యి వదలకుండా కూర్చున్న మనిషి మరి. భర్త ఫల్గుణ "నీకే బాగా తెలుసు కదా, నువ్వే చెప్పు" అని తోటలోకి జారుకున్నాడు.

మూడో వారానికి నిలబడితే కళ్ళు తిరగసాగాయి. పెదవుల మూలలు పగిలాయి. పిల్ల మాత్రం బొద్దుగానే ఉంది.

"సూడు, గుంట ఎలాగున్నాదో! పత్యం పని సెయ్యలేదంటావా?" అంది కనక పిల్లని చూపిస్తూ.

ఆ మధ్యాహ్నమే చిట్టెమ్మ ఓ గిన్నెలో చోడి (రాగి) అంబలి, ఇంకో గిన్నెలో మునగాకు పప్పు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"టీచరమ్మా, ఈరోజు ఏటి తిన్నావు?"

స్వర్ణ తల దించుకుంది.

"నీళ్ళెన్ని తాగినావు?"

"రెండు..."

"రెండు బిందెలా?"

స్వర్ణకి నవ్వాగలేదు. కనక మొహం మాత్రం ముడుచుకుంది. చిట్టెమ్మ ఆమె పక్కనే చతికిలబడింది.

"పెద్దమ్మా, మా ఆవు ఈనినప్పుడు ఉలవలుడకేసి పెట్టమన్నది నువ్వే. తొట్టి నిండా నీళ్ళెట్టమన్నదీ నువ్వే. గుంట బాగున్నాది, నిజమే. ఆ బాగంతా కోడలి ఒంట్లోంచే కదా తోడుతున్నాది!"

స్వర్ణ ధైర్యం తెచ్చుకుంది. "అత్తా, కళ్ళు తిరుగుతున్నాయి. నీకు చెప్పడానికి భయమేసింది."

"నానేటి పులినా? బేగి సెప్పొద్దా!" కనక కంగారుగా లేచి అంబలి గిన్నె తనే అందించింది.

అయినా అంత తేలిగ్గా లొంగలేదు. నీళ్ళు వాము వేసి కాచినవే ఇస్తానంది. పప్పులో మిరియాలు పడాల్సిందే. మొదటి గుడ్డు పెట్టాక రెండు రోజులు పిల్ల చెవులు చూస్తూ కూర్చుంది. చీమూ లేదు, ఏమీ లేదు. మూడో రోజు గుడ్డు తనే ఉడకబెట్టింది. నర్సు రక్తం పరీక్షించి మాత్రలిచ్చింది. రెండు నెలలకి స్వర్ణ ఒంట్లోకి సత్తువ వచ్చింది.

సెలవు ముగిసి పనిలోకి వెళ్ళాక స్వర్ణ బాలింత దగ్గరకి నేరుగా వెళ్ళడం మానేసింది. ముందు వంటింట్లోకి వెళ్ళి, ఆ ఇంటి అత్తగారి పక్కన కూర్చుని, ఏది పెట్టడానికి భయమో అడుగుతుంది. వాళ్ళు చాలాసేపు చెబుతారు. ఒక్కో ఇంటికి పూట పడుతోంది.