కనకవ్వకు గిట్టని మాట

కనకవ్వకు ‘చార్జి’ అనే ఇంగ్లీషు మాట గిట్టేది కాదు. పక్కవాళ్లు బస్సు చార్జి పెరిగిందన్నా మొహం మాడ్చుకునేది.

వేములవాడ దగ్గరి పల్లెలో మగ్గం సాగక, ఆమె భర్త ముత్యం అరవైల మొదట్లో మందమర్రి వచ్చి ఒక బొగ్గుబాయిలో బొగ్గు నింపే పనికి కుదిరాడు. కొన్నాళ్లకు లింగమూర్తి అనే కొత్త ఓవర్‌మన్ వచ్చాడు.

“ఇయ్యాల్ల చార్జి తీసుకున్నడు” అని ముత్యం ఇంటికొచ్చి చెప్పాడు.

“ఏం తీసుకున్నడు?”

“పెత్తనం. ఇగ మా మీద ఆయనదే మాట.”

బాయి లోపల ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. బొగ్గు గోడకు రంధ్రం పెట్టి పేలుడు మందు కూరడాన్నీ చార్జి అనే అంటారు. ఒకరోజు అలా కూరిన మందు ఒక రంధ్రంలో పేలకుండా ఉండిపోయింది. ముత్యం వెనక్కి తగ్గాడు.

“సార్, గా బొక్కల మందు అట్లనే ఉన్నది.”

“నింపుతవా, ఇంటికి పోతవా?” అని లింగమూర్తి కసిరాడు.

పక్కనే పనిచేస్తున్న బుచ్చిరాములు ఆ మాట విన్నాడు. ముత్యం బొగ్గు పెళ్లగించడానికి గడ్డపార వేశాడు. మందు పేలింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆసుపత్రికి ఆఫీసు జవాను ఒక కాగితం తెచ్చి, చార్జిషీటు అన్నాడు. పోయిన చేతికి ఏదో ఇస్తున్నారనుకుని కనకవ్వ వేలిముద్ర వేసింది. తర్వాత అడిగితే జవాను తల వంచుకుని చెప్పాడు.

“వద్దన్నా ఇనకుంట గడ్డపార ఏసిండని నీ పెనిమిటి మీద నేరం మోపిన్రు.”

కనకవ్వ నేరుగా వెళ్లి లింగమూర్తి బల్ల ముందు నిలబడింది.

“చెయ్యి తిన్నవు. గది సాలలేదా? తప్పు గూడ ఆయినదే అంటవా?”

“ఎల్లగొట్టుండ్రి దీన్ని!” అని అతను అరిచాడు.

మర్నాడు ఆమె కాలనీ ఆడవాళ్లతో బాయి గేటుకు అడ్డం కూర్చుంది. పోలీసులు లాఠీచార్జి చేశారు. ఆమె భుజం ఎముక విరిగింది. ఆ కట్టుతోనే బుచ్చిరాములు ఇంటికి వెళ్లింది.

“నౌకరి పోతదని నీకు బయం. నాకెర్కనే. కానీ ఇన్నది ఇన్నట్టు చెప్పకుంటె, ఎక్కడ కనబడితే అక్కడ తిడుత.”

“మా మీద పడి ఏడుస్తవేందే?” అంటూ అతని భార్య బాలవ్వ తలుపు మూసింది.

విచారణ నాడు బుచ్చిరాములు నోరు విప్పాడు. “నేనిన్న సార్. పేలలేదని ముత్యం చెప్పిండు. అయినా సారే నింపుమన్నడు.”

నేరం కొట్టేశారు. ముత్యానికి బాయి పైన దీపాలిచ్చే గదిలో పని దొరికింది. లింగమూర్తిని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

కొన్నేళ్లకు అంగట్లో అతనే ఎదురుపడ్డాడు. “అయిందేదో అయింది కనకవ్వా, మనసుల పెట్టుకోకు.”

“పూటపూటకు అన్నం కలిపి ఆయిన నోట్లె ముద్ద పెడుతున్న. ఎట్ల మర్సిపోవాలె?” అందామె. “పక్కకు జరుగు. ఆయిన ఆకలితోటి ఉన్నడు.”