మా మావ వలకి నేను పూసిన వెలుగు

ఒక్క రంగు డబ్బాతో రెండు బోట్ల వేటను మట్టిలో కలిపిన మహానుభావుడి సంగతి చెబుతాను, వినండి. వాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండు పీకుదామంటే వీల్లేదు, వాడు నేనే.

గంజాం తీరంలో మా అమ్మ తమ్ముడికి చేపల బోటుంది. వేసవి వేట నిషేధం తీరగానే మావ కొత్త వల దింపబోతున్నాడు. ఆ ఏడాది ఇంటిల్లిపాదీ తిండి దాని మీదే. ఆయనకి ఒకటే బెంగ, చీకట్లో వేరే బోట్లు చూసుకోకుండా వచ్చి వల తెంపేస్తాయని. బరంపురంలో ఇంటరు వెలగబెడుతున్న నేను ఊరుకుంటానా? గేట్ బజార్‌లో చీకట్లో మెరిసే రంగు కొన్నాను. గడియారం ముళ్ళకీ మెట్ల అంచులకీ పూస్తారట, పగలు ఎండ తగిలితే రాత్రి వెలుగుతుందట. దుకాణదారు ఒడియాలో ఎంతో ఓపిగ్గా చెప్పాడు. వలను నీళ్ళ మీద తేల్చే బెండ్లన్నిటికీ పూసేశాను. మావని అడగలేదు. అడిగితే నా గొప్పేముంది?

చీకటి పడగానే వల దింపాం. నీళ్ళలో పచ్చటి చార మిలమిలలాడుతుంటే ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. మావ కళ్ళింత చేసుకుని ఆ చారనే చూశాడు. మెచ్చుకోలుగా చూస్తున్నాడనుకున్నాను, గాడిదని.

మా సముద్రంలో చేపల గుంపు కదిలితే చీకట్లో నీళ్ళు అచ్చం అలాగే మెరుస్తాయి. ఆ మెరుపు చూసే వల వేస్తారు. మా పేటలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతిది. నాకూ తెలుసు, రంగు పూసేటప్పుడు తప్ప. వల వెనక్కి లాగమని మావ అరిచేలోపే మా పెదనాన్న బోటు దూసుకొచ్చి, తన వలంతా మా వల మీద గుమ్మరించేసింది.

"సేపల గుంపనుకుని మురిసిపోయి వచ్చాను. బెండ్లకి ఎలుగెట్టిందెవుల్రా?" అన్నాడు పెదనాన్న.

"మీ తమ్ముడి కొడుకే బావా. సదువుకుంతన్నాడు కదా," అన్నాడు మావ.

పెనవేసుకుపోయిన రెండు వలల్నీ ఒడ్డుకు ఈడ్చి, మర్నాడు పొద్దుటి నుంచి మండుటెండలో చిక్కుముళ్ళు విప్పాం. అటు నుంచి పెదనాన్న, ఇటు నుంచి మావ నన్ను తిడుతూనే ఉన్నారు. తప్పు నాది కనుక, లోపల నన్ను నేను అంతకంటే ఘోరంగా తిట్టుకున్నాను. పొద్దు గూకేసరికి సగం కూడా విడలేదు. ఇక కళ్ళు కనబడవని ఇద్దరూ లేచారు. నేనూ లేచాను.

మావ నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. పగలంతా ఎండ తాగిన బెండ్లు ఒడ్డంతా పచ్చగా వెలుగుతున్నాయి.

"మాకైతే సీకటి. నీకు ఎలుగుంది కదేటి, నువ్వు ఇప్పు," అని పెదనాన్నతో కలిసి భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆ దిక్కుమాలిన వెలుగులోనే, సముద్రుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ బెండుకీ రంగు పూయను, చివరికి మా ఇంటి గోడకి కూడా.